కత్తెర డైరీ: చిన్నాన్న స్టూడియోకి ఏఐతో పనిచేసే ఎడిటింగ్ సర్వరు

ఆషాఢం మొదట్లో

ఆషాఢంలో పెళ్ళి ముహూర్తాలుండవు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మా చిన్నాన్న స్టూడియోకి కాస్త ఊపిరాడేది ఈ నెలలోనే. కెమెరాలు బీరువాలోకి వెళ్ళాయి గానీ మిక్సింగ్ పని ఆగలేదు. ఎండాకాలంలో తీసిన పెళ్ళిళ్ళు హార్డ్‌డిస్కుల్లో వరసగా పడి ఉన్నాయి. ఒక్కో పెళ్ళికి రెండు కెమెరాలు, ఒక డ్రోను, పైగా బంధువుల ఫోన్ల నుంచి వచ్చిన క్లిప్పులు. ఈ పనిలో సగం అసలు ఎడిటింగే కాదు. ఫైళ్ళు తెరిచి చూడాలి, దేంట్లో ఏముందో రాసుకోవాలి, పక్కకి పడుకున్న ఫోను వీడియోని నిలబెట్టాలి, సౌండు సరిచేయాలి, పేర్లు వేయాలి, వాట్సాప్‌లో వెళ్ళేలా సైజు తగ్గించాలి. ఆ సగాన్ని ఏఐ అసిస్టెంట్‌తో చేయించే సర్వరు ఒకటి రాస్తున్నాను. పేరు ‘కత్తెర’. ఏ షాటు ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నది చిన్నాన్న చేతిలోనే ఉంటుంది. పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్న మనిషి కన్ను అది, దాని జోలికి నేను వెళ్ళను.

తెలియనివాళ్ళ కోసం ముందు కాస్త వివరం. అసిస్టెంట్ ఎంత తెలివైనదైనా మన డిస్కులో ఉన్న ఫైలు దానికి అందదు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, అంటే ఇప్పుడు అందరూ ఎమ్‌సీపీ అంటున్నది, ఆ అడ్డు తీసింది. సర్వరు తన దగ్గర ఏ టూల్స్ ఉన్నాయో, ఒక్కోదానికి ఏ వివరాలు ఇవ్వాలో జాబితా చెబుతుంది. అసిస్టెంట్ అందులోంచి ఒకటి ఎంచుకుని, వివరాలు నింపి పంపుతుంది. సర్వరు పని చేసి ఫలితం తిరిగి చెబుతుంది. వాటి మధ్య నడిచేవి జేసన్-ఆర్‌పీసీ 2.0 అనే పద్ధతిలో రాసిన సందేశాలు. అసలు కోసేది, అతికేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఈ ఉచిత ప్రోగ్రాం వీడియోతో పనిచేసే సాఫ్ట్‌వేర్లు ఎన్నింటికో లోపల పునాది. ఫోటోలకి ఇమేజ్‌మ్యాజిక్.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కమాండుని నేరుగా అసిస్టెంట్‌కి అప్పగించే సర్వర్లు ఉన్నాయి. ఒకే ఒక్క టూల్, ‘ఏ కమాండైనా నడుపు’ అని. రాయడం సులువు. నేను ఆ దారి పట్టలేదు. పెళ్ళి మళ్ళీ తీయడానికి కుదరదు. మాంగల్యధారణ ఉన్న ఫైలు మీద ఖాళీ ఫైలు రాసేస్తే ఆ ఇంటివాళ్ళకి ఏం చెబుతాం? ఇమేజ్‌మ్యాజిక్‌లో ‘మోగ్రిఫై’ అనే కమాండు మామూలుగా అసలు ఫోటో మీదే మార్పులు రాసేస్తుంది. అలాంటిది అసిస్టెంట్ చేతికి ఇవ్వకూడదు.

అందుకని ఫోల్డర్లు మూడు. ‘అసలు’ ఫోల్డర్‌ని చదవడానికి మాత్రమే అనుమతి ఉండేలా ఆపరేటింగ్ సిస్టమ్ స్థాయిలోనే కట్టేశాను. సర్వరు నడిచే యూజర్‌కి అందులో రాసే హక్కే లేదు. ‘పని’ ఫోల్డర్‌లో ముక్కలు, ‘ఫలితం’లో పూర్తయినవి. అసిస్టెంట్ ఇచ్చిన ప్రతి ఫైలు దారినీ సర్వరు పూర్తిగా విప్పి చూసి, ఈ మూడింటి బయటకి పోతే తిప్పి పంపేస్తుంది. కమాండుని షెల్‌కి (కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రాం) ఒకే వాక్యంగా ఇవ్వకుండా ముక్కలుగా విడదీసి ఇస్తున్నాను. ఫైలు పేరులో ఖాళీలు, కొటేషన్ గుర్తులు, తెలుగు అక్షరాలు ఏమున్నా బాధ లేదు.

కొన్ని రోజుల తర్వాత

సర్వరూ అసిస్టెంటూ ఒకే కంప్యూటరులో ఉన్నప్పుడు వాటి మాటలు స్టాండర్డ్ ఇన్‌పుట్, స్టాండర్డ్ అవుట్‌పుట్ మీదే, అంటే ప్రతి ప్రోగ్రాంకీ మామూలుగా ఉండే లోపలి దారి, బయటి దారి మీదే నడుస్తాయి. మొదటి కోత చక్కగా జరిగింది. రెండోది అడిగేసరికి సర్వరు ఉలకదు, పలకదు. కంప్యూటరులో ఏ తప్పూ కనిపించలేదు. సర్వరు తన పని రాసుకునే లాగ్ ఫైలు నిండా చూసినా ఏమీ లేదు.

కారణం దొరికాక ముచ్చటేసింది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ పని చేస్తున్నంతసేపూ కీబోర్డు వైపు చెవి వేసి ఉంచుతుంది, ‘క్యూ’ నొక్కితే ఆగుదామని. సర్వరు నుంచి పుట్టిన ప్రోగ్రాం కాబట్టి సర్వరు ఇన్‌పుట్టే దానికీ సంక్రమించింది. అసిస్టెంట్ పంపుతున్న సందేశాల్ని అది మధ్యలోనే మింగేస్తోంది. ‘నోఎస్‌టీడీఇన్’ అనే ఆప్షన్ పెట్టి, దాని ఇన్‌పుట్‌ని ఖాళీ డివైస్‌కి కట్టేశాక సమస్య పోయింది. అదే పేరుతో ఫైలు ముందే ఉంటే ‘మీద రాయనా?’ అని అడిగి జవాబు కోసం కూర్చోకుండా ‘ఎన్’ ఆప్షన్ కూడా పెట్టాను. ఫైలుంటే రాయదు, తప్పు చెప్పి వెనక్కి వస్తుంది. సర్వరు కోడులో ఒక్క ప్రింట్ స్టేట్‌మెంట్ కూడా ఉండకూడదు. స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో సందేశం కానిది ఒక్క అక్షరం పడినా అవతలివైపు చదవలేదు. లాగ్ రాతలన్నీ తప్పులు చెప్పడానికి ఉన్న వేరే దారి స్టాండర్డ్ ఎర్రర్‌లోకే. ఇలాంటి సర్వరు రాసేవాళ్ళెవరైనా ముందు ఈ మూడూ చూసుకోండి.

ఇంకొకటి టైమ్‌అవుట్. ఎమ్‌సీపీ అధికారిక టైప్‌స్క్రిప్ట్ లైబ్రరీలో ఒక్కో అభ్యర్థనకి మామూలుగా ఇచ్చే గడువు 60 సెకన్లు. చిన్నాన్న కంప్యూటరులో గంట వీడియోని హెచ్.264 అనే కుదింపు పద్ధతిలోకి మార్చడానికి అంతకి ఎన్నో రెట్లు పడుతుంది. కాబట్టి పెద్ద పనులకి సర్వరు వెంటనే ఒక పని నంబరు ఇచ్చేస్తుంది. అసిస్టెంట్ తర్వాత ఆ నంబరుతో ‘ఎంతవరకు వచ్చింది’ అని అడుగుతుంది. కరెంటు పోయి వచ్చినా ఏ పని సగంలో ఆగిందో నంబరు పక్కన రాసి ఉంటుంది.

ఆషాఢం నడుస్తుండగా

ఈ ప్రాజెక్టులో నేను గట్టిగా నమ్ముతున్నది ఒకటే. అసిస్టెంట్‌కి కోసే టూల్స్ కంటే ముందు చూసే టూల్స్ ఇవ్వాలి. కోయడం ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కి ఎప్పుడో తెలుసు. ఎక్కడ కోయాలో తెలియకపోతేనే చిక్కు. వీడియో ఎలా ఉందో తెలియకుండా ‘పదో నిమిషం నుంచి కోయి’ అని అసిస్టెంట్ నమ్మకంగా అడగగలదు, సర్వరు అంతే విధేయంగా కోసి ఇవ్వగలదు. ఆ ముక్కలో ఏముందో ఇద్దరికీ తెలియదు.

మొదటి చూసే టూల్ ఫైలు వివరాలది. ఎంత పొడుగు, ఏ కోడెక్ (కుదింపు పద్ధతి), సెకనుకి ఎన్ని ఫ్రేములు, ఏ వైపు తిరిగి ఉంది. ఫోను నిలువుగా పట్టుకుని తీసిన వీడియో ఫైలులో చాలాసార్లు 1920 బై 1080 అని అడ్డంగానే ఉంటుంది, పక్కన ‘90 డిగ్రీలు తిప్పి చూపించు’ అని చిన్న సూచన ఉంటుంది. ముడి వివరాలు ఇస్తే అసిస్టెంట్ దాన్ని అడ్డం వీడియో అనుకుంటోంది. ఇప్పుడు సర్వరే లెక్క చేసి ‘చూసేవాళ్ళకి నిలువుగా కనిపిస్తుంది’ అని మాటల్లో చెబుతోంది.

రెండోది షీటు. వీడియోలోంచి నిర్ణీత వ్యవధికి ఒక్కో ఫ్రేము తీసి, 320 పిక్సెళ్ళ వెడల్పుకి తగ్గించి, అడ్డంగా అయిదు, నిలువుగా నాలుగు పేర్చి ఒకే బొమ్మగా ఇస్తుంది. మొత్తం 1600 బై 720. ప్రతి ఫ్రేము మూలనా సమయం రాసి ఉంటుంది. ఎమ్‌సీపీలో టూల్ ఫలితంగా బొమ్మని కూడా పంపవచ్చు కాబట్టి అసిస్టెంట్ దాన్ని చూడగలదు. రెండు గంటల పెళ్ళికి పది సెకన్లకొకటి తీస్తే 36 షీట్లవుతాయి, అన్నీ పంపడం దండగ. నిమిషానికొకటి తీస్తే ఆరు షీట్లలో పెళ్ళి మొత్తం కనిపిస్తుంది. పందిట్లో తెర కనిపించింది, తీసేశారు, తలంబ్రాలు వచ్చాయి. అక్కడ కావాల్సిన నిమిషాన్ని మాత్రం రెండు సెకన్లకొకటి చొప్పున మళ్ళీ అడుగుతుంది.

చిన్నాన్న ఆ షీటు చూసి మొదట అడిగిన ప్రశ్న నాకు బాగా గుర్తుంది. ‘ఒరే, పెళ్ళికూతురు బొమ్మ మన కంప్యూటరు దాటి బయటకెల్తాదా?’ వెళ్తుంది చిన్నాన్నా అన్నాను. వీడియో ఫైలు ఇక్కడే ఉంటుంది, కానీ షీటులో ఉన్న చిన్న బొమ్మలు మోడల్ నడిచే చోటుకి వెళ్తాయి. ఆయన ఒప్పుకోలేదు. ఆ పట్టుదల సరైనదే. మన చేతిలో వాళ్ళ ఇంటి పిల్ల ఫోటోలు పెట్టి వెళ్తున్నారు. ఇప్పుడు బుకింగ్ కాగితంలో దీనికి వేరుగా ఒక వాక్యం ఉంది. సంతకం పెట్టినవాళ్ళ ప్రాజెక్టులోనే షీటు టూల్ తెరుచుకుంటుంది. లేకపోతే సర్వరు అసలు ఆ టూల్‌ని జాబితాలోనే చూపించదు. అప్పుడు అసిస్టెంట్‌కి అందేవి అంకెలూ సమయాలే.

బొమ్మ లేకుండా అంకెలతోనే ముహూర్తం పట్టుకోవచ్చా అన్న ఆలోచన అక్కడే పుట్టింది.

గట్టిమేళం

జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, తాళి కట్టేటప్పుడు పురోహితుడు చెయ్యెత్తి ‘గట్టిమేళం’ అంటాడు. సన్నాయి, డోలు ఒక్కసారి పైకి లేస్తాయి. ఆ హోరు సౌండు ట్రాకులో కచ్చితంగా కనిపించాలి.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో యూరప్ ప్రసార సంస్థల ఈబీయూ ఆర్128 ప్రమాణం ప్రకారం శబ్ద తీవ్రత కొలిచే ఫిల్టరు ఉంది. అది ఇచ్చే కొలతల్లో ఇక్కడ పనికొచ్చేవి రెండు: 400 మిల్లీసెకన్ల కిటికీలో క్షణికం, 3 సెకన్ల కిటికీలో స్వల్పకాలికం. ఉత్త శబ్దం ఎక్కువైన చోట్లన్నీ తీస్తే టపాసులు, మైకు కూత, కుర్చీ పడిన చప్పుడు అన్నీ వచ్చిపడ్డాయి. గట్టిమేళం అలా వచ్చి ఇలా పోయేది కాదు. టపాసు క్షణిక కొలతలో పైకి ఎగిరి వెంటనే పడిపోతుంది. మేళం స్వల్పకాలిక కొలతలో లేచి, కొంతసేపు అక్కడే నిలబడుతుంది. కాబట్టి నియమం ఇలా పెట్టాను: వీడియో మొత్తం సగటు కంటే స్వల్పకాలిక తీవ్రత 6 యూనిట్లు పైన ఉండి, కనీసం 15 సెకన్లు దిగకుండా ఉన్న చోట్లు మాత్రమే చెప్పు.

పాత పెళ్ళిళ్ళ మీద నడిపి చూశాను. ముహూర్తం ఉన్న చోటు చాలా పెళ్ళిళ్ళలో జాబితాలో పడింది. బారాత్ డీజే కూడా పడింది, అది తప్పదు. ఊరేగింపు ముందు, పందిరి తర్వాత అన్న క్రమం చెబితే అసిస్టెంట్ దాన్ని తీసేయగలుగుతోంది. కొన్ని ఫైళ్ళలో మాత్రం ఏమీ దొరకలేదు. తీసి విన్నాను, మేళం ఉంది. అది రెండో కెమెరా ఫైలు, దాంట్లో సౌండు లెవెల్ ఆటోలో ఉంది. మేళం పెరిగితే కెమెరా తనంతట తాను తగ్గించేస్తుంది, ఆగితే పెంచేస్తుంది. గీత చదునుగా వచ్చింది. చిన్నాన్న తన కెమెరాకి లెవెల్ చేత్తో పెడతాడు కాబట్టి ఆ ఫైలునే కొలతకి వాడమని సర్వరుకి చెప్పాను. రెండో కెమెరా పట్టుకునే కుర్రాడికి కూడా ఆటో తీసేయమని చెప్పాం.

ఈ టూల్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. పెళ్ళి తంతు తెలిసినవాళ్ళకే తట్టే సంగతి ఇది.

సౌండు దగ్గరున్నప్పుడే ఇంకో మాట. మొత్తం వీడియో తీవ్రతని సమం చేసే ‘లౌడ్‌నార్మ్’ ఫిల్టరు మామూలుగా మైనస్ 24 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (శబ్ద తీవ్రత కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ గట్టి) లక్ష్యం పెట్టుకుంటుంది. ఫోన్లలో చూసేవాళ్ళకి అది మరీ తక్కువ, మైనస్ 16 పెట్టాను. ఒక్క దఫాలో నడిపితే అది ఎప్పటికప్పుడు పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. అప్పగింతల దగ్గర, వాళ్ళమ్మ మాట ఆగిన ప్రతిసారీ, వెనక జనరేటర్ హోరు పైకి లేచింది. ముందు కొలిచి, ఆ అంకెలతో రెండో దఫా నడిపితే మొత్తాన్ని ఒకే మేరకి కదుపుతుంది. ఆ నిశ్శబ్దం నిశ్శబ్దంగానే ఉండాలి. సర్వరులో ఒక్క దఫా పద్ధతి తీసేశాను.

కోత, అతుకు

వీడియోని మళ్ళీ ఎన్‌కోడ్ చేయకుండా (కొత్తగా కుదించి రాయకుండా) ఉన్నదున్నట్టు కోస్తే క్షణాల్లో అయిపోతుంది, నాణ్యత పోదు. కానీ అడిగిన చోట తెగదు. హెచ్.264లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. నెల మొదట్లో మొత్తం బాకీ రాసి, ఆ తర్వాత రోజుకింత అని మార్పులు మాత్రమే రాసుకున్న కిరాణా ఖాతాలాంటిది. పూర్తి బొమ్మ ఉన్న కీఫ్రేము నుంచే మొదలుపెట్టాలి. కాబట్టి కోత టూల్‌కి రెండు పద్ధతులు: ‘త్వరగా’, ‘కచ్చితంగా’. త్వరగా కోస్తే, నిజంగా ఏ సెకను దగ్గర మొదలైందో సర్వరు జవాబులో చెబుతుంది. జీలకర్ర బెల్లం, తాళి లాంటి చోట్లకి కచ్చితమైనదే వాడమని టూల్ వివరణలోనే రాశాను.

అతకడంలో కష్టం వేరు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పందిట్లో లైట్లు మిణుకుమనకుండా చిన్నాన్న కెమెరాలు 25 ఫ్రేముల్లో పెడతాడు. ఫోన్లు 30 ఫ్రేముల దగ్గర, అదీ స్థిరంగా ఉండకుండా, తీస్తాయి. డ్రోను 4కే. వీటిని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఫైళ్ళని ఉన్నదున్నట్టు వరసగా కలిపే కాంకాట్ డీమక్సర్‌తో నేరుగా అతికిస్తే ఫైలు తయారవుతుంది, తప్పేమీ చెప్పదు. చూస్తుంటే కాసేపటికి పెదాలు ఒక దారి, మాట ఒక దారి. అందుకని సర్వరు ముందు అన్నింటినీ పోల్చి చూస్తుంది. తేడా ఉంటే అతకదు.

అతకనని చెప్పే మాట ఎలా ఉండాలన్నదాని మీద చాలాసేపు కూర్చున్నాను. ‘ఎర్రర్ 1’ అని పంపితే అసిస్టెంట్ అదే పనిని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ‘మూడో క్లిప్పు 30 ఫ్రేములు, మిగతావి 25. ముందు దాన్ని సమం చేసే టూల్‌తో 25కి మార్చి, కొత్త ఫైలుతో మళ్ళీ అతుకు’ అని పంపితే తనంతట తానే ఆ పని చేసుకుని వస్తోంది. ఎమ్‌సీపీలో ఇలాంటి తప్పుల్ని ప్రోటోకాల్ తప్పుగా కాకుండా, ఫలితంలోనే తప్పు గుర్తు పెట్టి పంపాలి. అప్పుడే మోడల్ దాన్ని చదివి సరిదిద్దుకోగలదు. సర్వరు కోడు రాసినంత శ్రద్ధగా ఈ వాక్యాలు రాయాల్సి వచ్చింది. అవసరం కూడా.

ఆషాఢం చివర్లో, తెలుగు అక్షరాలు

పెళ్ళి వీడియో మొదట్లో శుభలేఖలాగే ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ అని పడాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో అక్షరాలు గీసే ‘డ్రాటెక్స్ట్’ ఫిల్టరుకి ఆ మాటలు ఇచ్చి, తెర మీద చూపించాను. చిన్నాన్న కళ్ళజోడు సరిచేసుకున్నాడు. ‘ఏట్రా ఇది, అచ్చరాలన్నీ ఇరిగిపోనాయి?’

తెర మీద ‘శ్‌రీరస్‌తు, శుభమస్‌తు, అవిఘ్‌నమస్‌తు’ అని ఉంది. పెళ్ళి వీడియోకి మొదటి తెరే అది.

జరిగింది ఇదీ. ‘శ్రీ’ మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో అది నాలుగు గుర్తులు: శ, పొల్లు, ర, ఈ గుడి. ‘అవిఘ్నమస్తు’లో పదకొండు. వీటిని చదివి, ఘ కింద న వత్తు, స కింద త వత్తు, దానికి కొమ్ము పెట్టి కూర్చే పని వేరే ఇంజిన్ చేయాలి. దాన్నే షేపింగ్ అంటారు, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. పాత డ్రాటెక్స్ట్ ఒక్కో గుర్తునీ తీసి వరసగా పక్కపక్కన పెట్టేది. ఇంగ్లీషుకి అది చాలు, మనకి చాలదు. 2023లో వచ్చిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ 6.1 నుంచి డ్రాటెక్స్ట్ హార్ఫ్‌బజ్‌నే వాడుతోంది. స్టూడియో కంప్యూటరులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 22.04, దానితో వచ్చేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ 4.4.

వెర్షన్ పెంచితే సరిపోతుంది. అయినా దారి మార్చాను. ఇప్పుడు టైటిల్‌ని ముందు పాంగో లైబ్రరీతో వెనక ఏమీ లేని పారదర్శక పీఎన్‌జీ బొమ్మగా గీస్తున్నాను. పాంగో లోపల ఉన్నదీ హార్ఫ్‌బజ్జే. ఆ బొమ్మని వీడియో మీద పరుస్తున్నాను. లాభం ఏమిటంటే, వీడియోలో కలిపేముందే బొమ్మని మనిషి చూడవచ్చు. ఒక టైటిల్ కోసం గంటసేపు ఎన్‌కోడ్ చేసి, తీరా తప్పు చూసుకునే టెన్షన్ లేదు. కింద పడే సబ్‌టైటిల్స్‌కి లిబాస్ అనే లైబ్రరీ వాడుతున్నాను, దాంట్లో కూడా వత్తులు సరిగ్గా కూర్చుంటాయి.

ఫాంటుల దగ్గర ఇంకో పాత ముడి ఉంది. స్టూడియోలో ఏళ్ళుగా ఉన్న డిజైన్లన్నీ అను ఫాంటుల్లో టైపు చేసినవి. అవి యూనికోడ్ కావు. తెర మీద తెలుగు కనిపించినా ఫైలు లోపల ఉన్నవి ఇంగ్లీషు కీబోర్డు గుర్తులు. అసిస్టెంట్ వాటిని చదవలేదు. పేర్లన్నీ యూనికోడ్‌లో కొత్తగా టైపు చేయించాం. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంటులు కొన్ని తెచ్చి చిన్నాన్నకి చూపించాను: రామభద్ర, మండలి, గురజాడ, గిడుగు, ఎన్టీఆర్. పెద్ద పేర్లకి రామభద్ర, కింద వివరాలకి గిడుగు ఎంచుకున్నాడు. గిడుగు వెంకట రామమూర్తి 1863లో పుట్టిన పర్వతాలపేట మన జిల్లాలోదే. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడిన మనిషి పేరున్న ఫాంటు మా ఊరి పెళ్ళి వీడియోలో పడుతోందంటే నాకు సంతోషంగా ఉంది.

అక్షరం విరగకుండా రావడంతో పని తీరలేదు. పేరు మారకూడదు కూడా. శుభలేఖ చూసి టైటిల్ రాయమంటే అసిస్టెంట్ ‘చి.ల.సౌ.’ని విడదీసి పెద్దగా రాసింది. ‘అప్పలనాయుడు’ని రెండు ముక్కలు చేసింది. పెళ్ళికొడుకు తల్లి పేరు సింహాచలం. మన వైపు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఉండే పేరే. దాన్ని పెళ్ళి జరిగిన చోటు అనుకుని ‘వేదిక: సింహాచలం’ అని పెట్టింది. వాళ్ళ ఇంట్లో ఆ వీడియో పది మందిలో వేసుకుంటే ఎంత నొచ్చుకుంటారు!

అందుకని టైటిల్ టూల్‌లో అసిస్టెంట్ తెలుగు మాట రాసే వీలే తీసేశాను. పేర్లన్నీ ఒక ఫైలులో ఉంటాయి. పెళ్ళివారే చూసి సరేనన్నాక చిన్నాన్న దానికి తాళం వేస్తాడు. అసిస్టెంట్ ‘రెండో వరస, పెద్ద అక్షరాలు, మధ్యలో’ అని మాత్రమే చెప్పగలదు. ఆ వరసలో ఉన్నది అక్షరం మారకుండా పడుతుంది. విరిగిన వత్తు ఉందో లేదో షీటు చూసి చెప్పమంటే అసిస్టెంట్ నమ్మకంగా చెప్పలేకపోతోంది. ఆ చూపు మనిషిదే. టైటిల్ బొమ్మకి చిన్నాన్న సరే అన్న గుర్తు పెట్టేదాకా కలిపే టూల్ కదలదు.

ఫోటోలు

వీటి గురించి ఎక్కువ రాయను, పని త్వరగా అయింది. కెమెరా తిప్పి తీసినవి నిలబెట్టడం, ఆల్బమ్ సైజుకి మార్చడం, వాట్సాప్‌కి చిన్నవి చేయడం. కరిజ్మా ఆల్బమ్ తెరిస్తే రెండు పేజీలూ కలిపి 12 బై 36 అంగుళాలు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 3600 బై 10800 పిక్సెళ్ళు. ఒక్కటే జాగ్రత్త. ఫోటోలో దాగిన వివరాలు తీసేయడానికి ఇమేజ్‌మ్యాజిక్‌లో ‘స్ట్రిప్’ వాడితే రంగుల ప్రొఫైలు కూడా పోతుంది. అడోబీ ఆర్‌జీబీలో తీసిన ఫోటోలో పట్టుచీర ఎరుపు వెలిసినట్టు అయిపోతుంది. ముందు ఫోన్లు, తెరలు మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పద్ధతికి మార్చి, ఆ తర్వాతే మిగతావి తీసేలా పెట్టాను.

శ్రావణం

ముహూర్తాలు మొదలయ్యాయి. మొదటి పెళ్ళి ఫైళ్ళు రెండు కార్డుల నుంచి ‘అసలు’ ఫోల్డర్‌లోకి చేరాక, చిన్నాన్న తనే కూర్చుని అసిస్టెంట్‌తో మాట్లాడాడు. నేను పక్కనున్నాను, మౌసు పట్టుకోలేదు. ‘జీలకర్ర బెల్లం ముందు ఒక నిమిషం నుంచి తలంబ్రాలు అయ్యేదాకా ముక్కలు తీసి వరసలో పెట్టు, సౌండు సరిచెయ్యి, మొదట పేర్లు వెయ్యి.’ అసిస్టెంట్ ముందు వివరాలు చూసింది, గట్టిమేళం చోట్లు అడిగింది, రెండింటి దగ్గరా షీట్లు తెప్పించుకుంది. మొదటిది జీలకర్ర బెల్లం, రెండోది తాళి అని సరిగ్గా చెప్పింది. ఫోను క్లిప్పు ఒకటి 30 ఫ్రేముల్లో ఉందని సర్వరు ఆపితే దాన్ని మార్చుకుని వచ్చింది. టైటిల్ బొమ్మ దగ్గర ఆగి చిన్నాన్న సరే కోసం ఎదురుచూసింది. వచ్చిన ముక్కల వరస మీద ఆయన అసలు ఎడిటింగ్ మొదలుపెట్టాడు. కొన్ని షాట్లు తీసేసి, పెళ్ళికూతురు తాతగారు పందిరి గుంజ పట్టుకుని నిలబడి చూస్తున్న షాటు ఒకటి వెతికి తెచ్చి తాళి తర్వాత పెట్టాడు. షీటులో ఆ ఫ్రేము ఉంది. అసిస్టెంట్ దాన్ని పట్టించుకోలేదు.

‘పని తగ్గిందా చిన్నాన్నా?’ అన్నాను. ‘ఎతుక్కునే పని తగ్గింది. సూసే పని నాకే ఉండాల’ అన్నాడు.

చివరి ఫైలుకి రెండు చిన్న సంగతులు చేర్చాం. రంగుల పద్ధతి వైయూవీ420పీలో ఉంచితే పాత టీవీల్లో పెన్‌డ్రైవ్ పెట్టినా ఆడుతుంది. ‘ఫాస్ట్‌స్టార్ట్’ పెడితే ఫైలు సూచిక ముందుకి వచ్చి, లింకు పంపినప్పుడు మొత్తం దిగకముందే మొదలవుతుంది. దూరంగా ఉన్న బంధువులకి అది ముఖ్యం.

మిగిలిన పెద్ద పని కెమెరాల్ని కలపడం. రెండు కెమెరాల సౌండునీ పోల్చి ఎంత తేడా ఉందో లెక్కగట్టే టూల్ సగం రాశాను. డోలు దెబ్బలు ఉన్న చోట బాగా కుదురుతోంది. డ్రోనుతో మాత్రం ఆ దారి లేదు, దాని ఫైలులో సౌండే ఉండదు. ప్రస్తుతానికి ఫైలులో ఉన్న సమయాన్ని నమ్ముకోవాలి, అంటే కెమెరా గడియారాలు సరిగ్గా ఉండాలి. చిన్నాన్న రెండు కెమెరాల గడియారాలూ డ్రోను కలిపిన ఫోను చూసి సరిపెట్టి సంచిలో పెట్టాడు. వచ్చే ముహూర్తం ఫైళ్ళు రాగానే వాటి మధ్య ఎన్ని ఫ్రేముల తేడా వస్తోందో కొలిచి ఇక్కడ రాస్తాను.